అర్థశౌచము: ప్రజాధనమునకు బహిరంగమైన లెక్క



శౌచము అనగానే మన మనస్సునకు స్నానము, మడిబట్ట, ఆచమనము తోచును. ఇవన్నియు అవసరమే. కానీ స్మృతికారులు శౌచములను పరిగణించుచు అగ్రస్థానమును నీటికిగాని మట్టికిగాని ఇవ్వలేదు, అర్థశౌచమునకు ఇచ్చిరి. ధనము వచ్చిన మార్గము, వెళ్ళిన మార్గము రెండును నిర్మలముగా ఉన్నవాడే శుచి అని వారి నిర్ణయము. కృష్ణ, తుంగభద్రల సంగమములో ఎన్ని మునకలు వేసినను పరధనమును తిన్న దోషము కడుక్కొనిపోదు.

ఈ నిర్ణయమును మనము వ్యక్తులకు మాత్రమే అన్వయించుకొని ఊరకున్నాము. ఒక గ్రామమునకు అర్థశౌచము ఉండదా? ఒక దేవాలయమునకు, ఒక ప్రభుత్వమునకు ఉండదా? ఉన్నచో దాని లక్షణమేమి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలో ఆలయసేవ చేసుకొనుచున్నవాడిగా ఈ ప్రశ్నను సాధకుల ముందు ఉంచుచున్నాను. నా అభిప్రాయమును ముందే మనవి చేసెదను. ఏ ధనపు లెక్కను దానికి హక్కుదారుడైన సామాన్యుడు చూడగలడో, చూచి ప్రశ్నింపగలడో, ప్రశ్నించి ఫలమును పొందగలడో, ఆ ధనమునకే అర్థశౌచము కలదు. ఈ మూటిలో ఏ ఒక్కటి లోపించినను మిగిలిన రెండును వ్యర్థములు.

సంకల్పమే తొలి పద్దు

అర్చకునికి జమాఖర్చులతో పనియేమి అని కొందరికి తోచవచ్చును. ఒక్కసారి మన నిత్యకర్మను పరికించండి. ఏ పూజయైనను సంకల్పము లేక మొదలుకాదు. సంకల్పములో ఏమి చెప్పుదుము? ఏ దేశములో, ఏ నదీతీరమున, ఏ సంవత్సర మాస పక్ష తిథి వారములలో, ఏ గోత్రమువాడు, ఏ పేరుగలవాడు, ఏ ప్రయోజనమునకై ఈ కర్మను చేయుచున్నాడో పలుగురు వినునట్లు పైకి చెప్పుదుము. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎందుకు అను నాలుగు విషయములు లేని కర్మ కర్మయే కాదు. నేడు ప్రభుత్వ కార్యాలయములలో ఒక వోచరునకు ఉండవలసిన అంగములును ఇవే. ఎక్కడ చేసిరో తెలియని పని, ఎవరికి ఇచ్చిరో తెలియని సొమ్ము సంకల్పరహితమైన హోమము వంటివి. అందులో పొగ ఉండును, ఫలము ఉండదు.

హోమములో మరియొక అంగము కలదు. ఆహుతి వేసిన ప్రతిసారి యజమానుడు, ఇది ఆ దేవతకు చెందినది, నాది కాదు అని త్యాగము చెప్పవలెను. చేతిలోనుండి వదలుట చాలదు, నోటితో ఒప్పుకొనవలెను. ప్రజలు పన్నుగా కట్టిన ధనము హవిస్సు వంటిది. అందులో యజమానులు ప్రజలు. అధికారులు, ప్రజాప్రతినిధులు ఋత్విక్కులు. ఋత్విక్కునకు దక్షిణ కలదు, హవిస్సుపై స్వామ్యము లేదు. ఈ భేదమును మరువకుండుటకే లెక్క పుట్టినది.

రాతిపై చెక్కిన లెక్క

బహిరంగమైన లెక్క పాశ్చాత్యుల కొత్త కల్పన అని భావించువారు ఒక్కసారి అలంపురము వెళ్ళవలెను. జోగులాంబ అమ్మవారిని సేవించుకొని, బాదామి చాళుక్యుల కాలమునాటి నవబ్రహ్మాలయములను దర్శించి, అక్కడి పురావస్తు ప్రదర్శనశాలలోని శిలాశాసనముల ముందు కొంతసేపు నిలువవలెను. దానశాసనముల సంవిధానము గమనింపదగినది. దాత ఎవరు, ఏ రాజు ఏలుబడిలో ఏ తిథినాడు ఇచ్చెను, ఇచ్చిన పొలమునకు నాలుగు ఎల్లలు ఏవి, అఖండదీపమునకా, నైవేద్యమునకా, విద్యార్థుల భోజనమునకా, సాక్షులు ఎవరు అని చెప్పి, చివరకు అపహరించినవానికి కలుగు పాపమును చెప్పి ముగించుట పరిపాటి. ఇంత సమాచారమును తాటియాకుపై వ్రాసి పెట్టెలో దాచుకొనవచ్చును గదా? రాతిపై చెక్కించి గుడివాకిట ఎందుకు నిలిపిరి? దారినపోవు ప్రతివాడును సాక్షి కావలెనని. ఆ దీపము వెలుగని నాడు, ఇక్కడ దీపమునకు పొలము ఉన్నది గదా, నూనె ఏది అని అడుగు హక్కు అందరికి కలుగవలెనని. చదువరాని వానికి చదువువచ్చినవాడు వినిపించును. ఆ రాయియే ఆనాటి బహిరంగ దత్తాంశము.

కౌటిల్యుని అర్థశాస్త్రములో అధ్యక్షప్రచారము అను రెండవ అధికరణము ఈ విషయమున మరింత సూక్ష్మముగా పోవును. సంవత్సరపు లెక్క ఆషాఢముతో ముగియవలెనని, ఆయా శాఖల గణకులు అప్పుడు లెక్కలతో రావలెనని అందులో నియమము ఉన్నది. ధనాపహరణమునకు నలుబది ఉపాయములు కలవని అచట వరుసగా వివరింపబడినది. నన్ను మిక్కిలి ఆకర్షించిన అంశము వేరొకటి. ఒక అధికారిపై అనుమానము వచ్చినప్పుడు, అతని వలన నష్టపోయినవారు వచ్చి తెలుపుకొనవలసినదని ఆ ప్రాంతమంతట చాటింపు వేయవలెనని, తెలుపుకొన్నవారి నష్టమును తీర్చవలెనని ఆ గ్రంథము విధించినది. గణకుడు గణకుని తనిఖీ చేయుట ఒక మెట్టు. నష్టపోయిన సామాన్యుని పిలిచి అడుగుట రెండవ మెట్టు. ఆ రెండవ మెట్టు లేక మొదటిది పూర్తికాదని ఆ ఆచార్యునకు తెలిసియున్నది.

పాలమూరు కూలీ, మస్టరు పట్టిక

ఈ రెండవ మెట్టు మన కాలమున మన నేలమీదనే కార్యరూపము దాల్చినది. దేశములో ఎక్కడ ఆనకట్ట కట్టినను పాలమూరు కూలీలు అక్కడ ఉందురని ప్రతీతి. గుంపుమేస్త్రీ వెంట ముసలివారిని ఊరిలో వదలి, పిల్లలను చంకన వేసుకొని వెళ్ళిన కుటుంబములు ఎన్నియో. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలు అగువరకు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. గ్రామీణ కుటుంబమునకు ఏడాదికి వంద దినముల పనిని హామీ ఇచ్చిన 2005 నాటి ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2న దేశములోని 200 జిల్లాలలో మొదట అమలునకు వచ్చినప్పుడు, ఆ తొలి విడతలో మహబూబ్‌నగర్ కూడ ఉన్నది.

ఆ చట్టము 17వ విభాగములో గ్రామసభయే సామాజిక తనిఖీ జరుపవలెనని ఉండెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని కాగితముపై ఉంచలేదు. రాజస్థానములో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుండి నడిపిన జనసునవాయిల అనుభవమును గ్రహించి 2006లోనే తనిఖీలు ప్రారంభించినది. 2009లో అందుకై ప్రత్యేకముగా ఒక స్వతంత్ర సంస్థను ఏర్పరచినది. పద్ధతి ఇట్టిది. కూలికుటుంబములకు చెందిన, కొంత చదువుకొన్న యువతీయువకులకు శిక్షణ ఇత్తురు. వారు తమ సొంత ఊరు కాక పొరుగూరి రికార్డులను పరిశీలింతురు. మస్టరు పట్టికలను చేతబట్టి ఇంటింటికి వెళ్ళి, అమ్మా, ఈ వారము నీవు ఆరు దినములు పనిచేసినట్లు ఉన్నది, నిజమేనా, నీ చేతికి ఎంత వచ్చినది అని అడుగుదురు. చెరువు పూడిక తీసిన చోటికి వెళ్ళి కొలతలు వేయుదురు. తేలిన విషయమును గ్రామసభలో చదివి వినిపింతురు. పిమ్మట మండలకేంద్రమున ప్రజావేదిక జరుగును. అచట కూలీ ఒక ప్రక్క, అధికారి మరియొక ప్రక్క నిలువవలెను. ఇద్దరి మాటయు అందరి ఎదుట వినవలెను.

వేదాధ్యయనము చేసినవారికి ఈ పద్ధతి ఎక్కడనో విన్నట్లు ఉండక మానదు. వేదమునకు పదపాఠము, క్రమపాఠము, జటాపాఠము, ఘనపాఠము ఎందుకు ఏర్పడినవి? ఒకే పదమును ముందునుండి వెనుకకు, వెనుకనుండి ముందుకు, ప్రక్క పదములతో కలిపి మరల మరల పలుకుటవలన ఒక్క అక్షరము, ఒక్క స్వరము జారినను వెంటనే పట్టుబడును. పాఠము అందరి నోట ఉన్నది గనుక ఏ ఒక్కడును దానిని మార్చలేడు. మస్టరును జాబుకార్డుతో, జాబుకార్డును పాసుపుస్తకముతో, పాసుపుస్తకమును కూలీ నోటిమాటతో, ఆ మాటను చెరువులోని మట్టి కొలతతో సరిచూచుట లెక్కలకు ఘనపాఠము. ఒకే పుస్తకమును ఒకే గుమాస్తా పదిసార్లు చూచినను పట్టుబడని దోషము ఈ ఘనపాఠములో ఒక్కమారుకే బయటపడును.

మరియొక ఫలము లెక్కలలో కనబడనిది. తరతరములుగా దొర ముందు, పట్వారీ ముందు చేతులు కట్టుకొని నిలిచిన సీమ ఇది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు ఏలిన నేల. అటువంటి చోట ఒక కూలితల్లి మైకు ముందు నిలిచి, నా పేర వ్రాసిన సొమ్ము నాకు రాలేదు అని చెప్పగలుగుట సామాన్యమైన మార్పు కాదు. ప్రతి జీవునిలోను ఒకే ఆత్మను చూడమని బోధించు మనము, ఆ సమత్వము లోకములో ఎక్కడైన ఒక్క క్షణము కనబడినచో గుర్తించి నమస్కరింపవలెను.

చూచుట చాలదు

ఇంతటితో అంతయు శుభమైనదని చెప్పుట సత్యము కాదు. ఫర్జానా ఆఫ్రిదీ, వేగార్డ్ ఐవర్సన్ అను పరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లోని 300 గ్రామపంచాయతీలలో 2006 నుండి 2010 వరకు జరిగిన తనిఖీ నివేదికలను పరిశీలించిరి. దోషములను కనిపెట్టుటలో తనిఖీలు సమర్థములే, నివారించుటలో మాత్రము కావని వారు తేల్చిరి. కూలి పద్దులో అక్రమములు ఏమంత తగ్గలేదు; కనిపెట్టుట మరింత కష్టమైన సామగ్రి పద్దులో మాత్రము అవి పెరిగినవి. అనగా దొంగ ఇల్లు వదలి పోలేదు, గది మార్చినాడు. పట్టుబడిన సొమ్ములో తిరిగివచ్చినది స్వల్పము, శిక్షపడినవారు మరింత స్వల్పము. ఈ లోపమును పూరించుటకే 2012లో సామాజిక తనిఖీకి, అవినీతి నిరోధమునకు ప్రత్యేక చట్టము చేయవలసివచ్చినది.

ఇచట కర్మసిద్ధాంతమును తలచుకొనవలెను. కర్మకు ఫలము తప్పదను నమ్మకము ఉన్నచోటనే ధర్మము నిలుచును. ప్రజావేదికలో దోషము రుజువైన పిదప కూడ అదే మనిషి అదే కుర్చీలో కూర్చున్నచో, సాక్ష్యము చెప్పిన కూలీ ఏమి నేర్చుకొనును? నిజము చెప్పిన వానికే కష్టము అని నేర్చుకొనును. మరునాడు ఆమె నోరు విప్పదు. లెక్కను తెరిచి, ఫలమును మూసివేయుట లెక్కను దాచుటకంటె హానికరము. అది ప్రజలలోని శ్రద్ధను చంపును.

యంత్రములు ఈ కొరతను తీర్చునను ఆశయు పూర్తిగా నిజము కాలేదు. 2023 జనవరి నుండి పనిచోట కూలీల ఛాయాచిత్రములను ఫోనులో తీసి పంపుట తప్పనిసరి చేసిరి. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే ఆ పద్ధతిలోని దురుపయోగమును ఎత్తిచూపవలసివచ్చినది. పనికి సంబంధము లేని చిత్రములు, చిత్రమునకు తీసిన చిత్రములు కూడ అందులో చేరినవట! ప్రత్యక్షమునకును ప్రత్యక్షాభాసకును భేదము తెలియనివాడు తర్కము చదువలేదని మన గురువులు చెప్పెడివారు. త్రాడు పామువలె తోచినట్లు, తెరమీది చిత్రము పనివలె తోచును. ఆ భ్రాంతిని తొలగించునది మరియొక యంత్రము కాదు; ఆ ఊరిలో ఆ చెరువుగట్టున నడచి, ఇక్కడ పని జరుగలేదు అని చెప్పగలిగిన మనిషి.

ఎవరి లెక్క తెరిచి ఉన్నది?

నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము ఇది. ఉపాధి కూలీ ఏ దినము పనిచేసినది, ఎంత సంపాదించినది అను వివరము నేడు ప్రపంచములో ఎవరైనను అంతర్జాలములో చూడగలరు. రెండు మూడు వందల రూపాయల దినకూలికి అంత వెలుగు! మంచిదే. కానీ అదే వెలుగు పై మెట్లపై పడవలదా? మన మూడు జిల్లాల బ్రతుకుతో ముడివడిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకమునకు 2015లో 35,200 కోట్ల రూపాయలకు పాలనానుమతి ఇచ్చిరి. 2023 సెప్టెంబరులో నాగర్‌కర్నూలు జిల్లా నార్లాపూర్‌లో మొదటి పంపు ప్రారంభమైనది. జలాశయమునకు భూమి ఇచ్చిన రైతు, ఏ ప్యాకేజీకి ఎంత బిల్లు చెల్లించిరి, ఎంత మట్టి తవ్వినట్లు కొలతల పుస్తకములో ఉన్నది అనునవి, కూలీ మస్టరును చూచినంత సులభముగా, తన భాషలో చూడగలడా? చూడగలిగిన నాడు మాత్రమే పారదర్శకత అను మాటకు అర్థము. పేదవాని పద్దుకు దీపము, పెద్దవాని పద్దుకు తెర అనునది సమదర్శనము కాదు.

సాధనములు లేవని చెప్పుటకు వీలులేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము 4వ విభాగము, ఎవరును అడుగకమునుపే ప్రతి ప్రభుత్వ సంస్థయు తన వ్యయప్రణాళికలను, చెల్లింపులను స్వయముగా ప్రకటింపవలెనని చెప్పుచున్నది. తెలంగాణ 2016లోనే బహిరంగ దత్తాంశ విధానమును ప్రకటించినది. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ప్రతి గ్రామపంచాయతీ రాబడి, ఖర్చు, ప్రణాళిక చూడవచ్చును. పంచాయతీలు తమ లెక్కలను అంతర్జాలములో ఉంచుటను నిధుల మంజూరుకు షరతుగా 15వ ఆర్థిక సంఘము విధించినది. తలుపులు ఉన్నవి, తెరిచి లోనికి వెళ్ళువారే తక్కువ. ఆంగ్లపు పట్టికలలో, అంకెల అరణ్యములో ఉన్న సమాచారము గ్రామీణునికి అర్థము తెలియని మంత్రము వంటిది.

దేవాలయము ముందు నడువవలెను

ఇక మన ఇంటి సంగతి. ప్రభుత్వమును ప్రశ్నించు నైతికాధికారము మనకు రావలెనన్న, దేవుని సొమ్ము లెక్క ముందుగా వాకిట పెట్టవలెను. మన న్యాయశాస్త్రమున దేవతామూర్తి స్వయముగా ఆస్తి కలిగియుండగల వ్యక్తి. కానీ పసిబిడ్డవలె పరుల సంరక్షణలో ఉండు వ్యక్తి. పసిబిడ్డ ఆస్తికి లెక్క అడుగువారు లేరని సంరక్షకుడు నిశ్చింతగా ఉండరాదు.

ఒక మంచి ఆచారము మనకు ఇప్పటికే కలదు. హుండీ లెక్కింపు ముఖమండపములో, దేవాదాయ శాఖవారి సమక్షమున, భక్తులు సేవగా కూర్చుండి నాణెములు వేరుచేయుచుండగా జరుగును. మరునాడు మొత్తము పత్రికలో వచ్చును. ఇది ఆదాయమునకు సగము శౌచము. మిగిలిన సగము ఖర్చు. వచ్చినది ఎంతో చాటి, పోయినది ఎటో చెప్పకున్నచో భక్తుని సందేహము తీరదు. తిరుమల తిరుపతి దేవస్థానము 2022 నవంబరులో శ్వేతపత్రము వెలువరించి, బ్యాంకులలో 15,900 కోట్ల రూపాయలకు పైగా డిపాజిట్లు, పది టన్నులకు పైగా బంగారము ఉన్నవని ప్రకటించినది. అంత పెద్ద క్షేత్రమునకు సాధ్యమైనది చిన్న గ్రామాలయమునకు అసాధ్యము కాదు.

ధూపదీపనైవేద్య పథకము క్రింద ఉన్న ఆలయముల సంగతియే తీసికొందము. నెలకు 6,000 రూపాయలుగా ఉన్న ఆ సాయమును 10,000కు పెంచుచున్నట్లు 2023లో ప్రభుత్వము ప్రకటించినది. సొమ్ము ఎప్పుడు వచ్చినది, ఏ నెలలు బాకీ, నూనెకు ఎంత, బియ్యమునకు ఎంత, అర్చకుని భృతి ఎంత అని ధ్వజస్తంభము దగ్గర ఒక నల్లబల్లపై వ్రాసిన తప్పేమి? ఇందువలన అర్చకునికి హాని లేదు సరిగదా రక్షణ కలుగును. సొమ్ము ఆలస్యమైనప్పుడు దీపము ఎందుకు కొండెక్కినదో ఊరికి తెలియును. నింద పూజారిపై పడదు.

దీనికి రెండు ఆక్షేపములు వినుచుందును. మొదటిది, గుప్తదానము శ్రేష్ఠము గదా, లెక్క చాటుట అహంకారము కాదా అని. గుప్తముగా ఉండవలసినది దాత పేరు. గుప్తముగా ఉండరానిది గ్రహీత ఖర్చు. పేరు చెప్పక ఇచ్చినవాని త్యాగమును గౌరవించవలెనన్న, అతడు ఇచ్చినది ఎట్లు వినియోగమైనదో మరింత స్పష్టముగా చెప్పవలెను, ఎందుకనగా అతడు వచ్చి అడుగడు. రెండవ ఆక్షేపము, ముముక్షువునకు జమాఖర్చుల గొడవ ఎందుకు అని. జనకుడు రాజ్యమేలుచునే విదేహుడైనాడు. వైరాగ్యము నా ధనముపై ఉండవలెను. పరుల ధనముపై ఉండవలసినది జాగ్రత్త. ఊరి చెరువు సొమ్ము ఎవడు తిన్న నాకేమి అనునది వైరాగ్యము కాదు, తమోగుణము. యమనియమములలో సత్యము, అస్తేయము ఉన్నవి. దొంగిలింపకుండుట మాత్రమే కాక, దొంగతనము జరుగుచున్నప్పుడు కన్నులు మూసికొనకుండుట కూడ గృహస్థునికి ఆ వ్రతములో భాగమే.

శ్రవణము, మననము, నిదిధ్యాసనము

చేయవలసినది ఏమి? వేదాంతము చూపిన క్రమమే చాలును. మొదటిది శ్రవణము. గ్రామసభలో పంచాయతీ లెక్కను తెలుగులో, పద్దుపద్దుగా, పెద్దగా చదివింపవలెను. చదువుకొన్న పిల్లలు ఫోనులో ఈ-గ్రామ్‌స్వరాజ్ తెరిచి తమ ఊరి పుటను పెద్దలకు వినిపింపవచ్చును. ఆ పదినిమిషములు కూడ పారాయణమే. రెండవది మననము. విన్నదానిని కన్నదానితో పోల్చవలెను. మురుగుకాలువకు ఇంత ఖర్చు అని ఉన్నచో, కాలువ వద్దకు పోయి చూడవలెను. సందేహము వచ్చినచో వ్రాతమూలకముగా అడుగవలెను. మూడవది నిదిధ్యాసనము. ఒకనాడు అడిగి మరచుట కాదు. దోషము తేలినప్పుడు సొమ్ము తిరిగివచ్చువరకు, ఫలము కనబడువరకు పట్టువిడువకుండుట. మనము మిక్కిలి తడబడునది ఈ మూడవదానిలోనే.

రాజ్యాంగము 243ఎ అధికరణము గ్రామసభను గుర్తించినది. కానీ సభలో కూర్చుండువారు లేనిదే అది ఖాళీ మండపము. ఏకాదశినాడు భజనకు చేరువారిలో సగము మంది గ్రామసభకు చేరినను మన ఊళ్ళ స్వరూపము మారును. భజనలో తాళము తప్పినవాని ప్రక్కవాడు కనుసైగతో సరిచేయును. ద్వేషముతో కాదు, పాట చెడరాదని. లెక్క అడుగుటలోను ఆ భావమే ఉండవలెను. సర్పంచిని గాని కార్యదర్శిని గాని అవమానించుటకు కాక, ఊరి యజ్ఞము చెడకుండుటకు అడుగవలెను. నిజాయితీపరుడైన అధికారి ఆ ప్రశ్నను చూచి సంతోషించును. అతని శుచిత్వమునకు పదిమంది సాక్షులు దొరికినట్లే గదా.

రానున్న ఆషాఢ పూర్ణిమ వ్యాసపూర్ణిమ. గురుపూజతో పాటు, కౌటిల్యుడు లెక్కలు ముగింపవలెనన్న దినము కూడ అదియే. ఆనాటికి మన మూడు జిల్లాలలో సాధ్యమైనన్ని ఆలయములు తమ సంవత్సరపు రాబడిని, ఖర్చును, నిలువను ఒక్క పుటలో తెలుగులో వ్రాసి ముఖమండపపు స్తంభమునకు అంటింపవలెనని తోటి అర్చకులకు, ధర్మకర్తలకు నా విన్నపము. భక్తులు తీర్థము పుచ్చుకొని వెళ్ళునప్పుడు దానిని ఒకసారి చదువుడు. చదివి, సందేహమున్న అడుగుడు.

శుభం భూయాత్.